దుంగల కుప్పను కట్టెలుగా కొట్టించుకోవడం ఎలా

పెరట్లో గాలికి కూలిన వేప, గట్టు మీద తీయించిన తుమ్మలు, కాపు తగ్గిందని కొట్టేసిన మామిడి తోట. పనికొచ్చే కలప ఉంటే వ్యాపారి పట్టుకుపోతాడు. మిగిలిన దుంగలు, వంకర కొమ్మలు, ముడుల మొద్దులు ఇంటి ముందు కుప్పగా పడి ఉంటాయి. గొడ్డలి పట్టే మనుషులు ఇంట్లో లేనప్పుడు కూలికి కొట్టించుకోవడమే దారి.

ఈ పనిలో గొడవలు ధర కంటే సైజు దగ్గరే ఎక్కువ వస్తాయి. "కట్టెలు కొట్టాలి" అని మీరు అన్నప్పుడు మీ మనసులో ఉన్నది అడుగు పొడవు సన్న పేళ్లు. వచ్చినవాళ్లు అనుకున్నది మూడడుగుల లావు ముక్కలు. కోతలే మూడింతలు తేడా, చీల్చే పని అంతకు మించి తేడా. అందుకే మనిషిని పిలవక ముందే చేసుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. అవి సరిగ్గా చేసుకుంటే బేరం పావుగంటలో తేలిపోతుంది.

ముందు కుప్పను వేరు చేయండి

మణికట్టు కన్నా సన్నగా ఉన్న కొమ్మలన్నీ పక్కకు లాగేయండి. వాటిని చీల్చాల్సిన పనే లేదు, పొడవుకు నరికితే చాలు. కుప్ప మొత్తాన్ని టన్ను లెక్కన అప్పగిస్తే ఈ పుల్లలకూ చీల్చే కూలి కట్టినట్టే.

నాలుగడుగులకు మించి నిటారుగా, ముడులు లేకుండా ఉన్న వేప, పనస, టేకు, మద్ది దుంగ కనిపిస్తే వడ్రంగికి చూపించకుండా గొడ్డలి పెట్టనివ్వకండి. లావు చింత మొద్దుల్ని మాంసం కొట్టే మొద్దు కోసం కొనేవాళ్లుంటారు. పైగా చింత పీచు మెలితిరిగి ఉంటుంది కాబట్టి చీల్చడం మహా కష్టం. అమ్ముడుపోతే రెండు విధాలా లాభమే.

కొబ్బరి మొద్దుల్ని విడిగా పెట్టండి. బయట గట్టిగా, లోపల మెత్తగా నీరు పట్టి ఉంటాయి. అవి తూకంలో కలిస్తే నీటికి కూలి ఇచ్చినట్టవుతుంది. గన్నేరు, పచ్చ గన్నేరు విషపు చెట్లు. వాటి కట్టె వంట పొయ్యిలోకి రాకూడదు, పొగ కూడా ప్రమాదమే. రంగు వేసిన పాత తలుపులు, కిటికీ చెక్కలు కూడా అంతే.

తర్వాత ఇనుము వెతకండి. ఇంటి దగ్గర పెరిగిన చెట్టులో మేకులు, బట్టల తీగ కట్టిన కొక్కేలు, చేను గట్టు చెట్టులో ముళ్లకంచె తీగ లోపలికి పూడిపోయి ఉంటాయి. బెరడు మీద నల్లటి మరకో, అడ్డంగా నొక్కినట్టున్న గీతో కనబడితే అక్కడ సున్నంతో గుర్తు పెట్టండి. ఒక్క మేకు తగిలితే రంపం చైన్ పళ్లు పోతాయి. ఆ చైన్ ఖరీదు ఎవరు పెట్టుకోవాలన్నది పెద్ద తగాదా. గుర్తు ఉన్న చోట తగిలితే వాళ్లది, లేని చోట తగిలితే మీది అని ముందే ఒప్పుకుంటే ఇద్దరికీ న్యాయం.

కుప్ప చాలా కాలంగా పడి ఉంటే చేతులు పెట్టి లాగొద్దు. పొడవాటి కర్రతో గానీ గునపంతో గానీ కదిపి, కాసేపు ఆగి, అప్పుడు తీయాలి. తేళ్లకు, జెర్రులకు, కట్లపాములకు దుంగల అడుగు మంచి చోటు. వచ్చిన మనుషులకు కూడా ఈ మాట చెప్పండి.

అనుమతి సంగతి ఇక్కడే చూసుకోండి. తెలుగు రాష్ట్రాల్లో చెట్టు నరకడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వర్తిస్తుంది. కొన్ని జాతులకు మినహాయింపులు ఉన్నాయి. దుంగల్ని ట్రాక్టరులో రోడ్డెక్కించాలంటే రవాణా అనుమతి కూడా అడగవచ్చు. మీ అటవీ శాఖ బీట్ ఆఫీసరును కనుక్కున్నాకే బండి మాట్లాడండి.

పొయ్యిని బట్టి సైజు

ఇంటి మట్టి పొయ్యికి అడుగు నుంచి అడుగుంబావు పొడవు, రెండు మూడంగుళాల మందం సరిపోతుంది. రాగి బాయిలరుకు అరడుగు పొడవు, అంగుళం అంగుళంన్నర మందం ఉండాలి. అంతకంటే లావైతే గొట్టంలో ఇరుక్కుంటుంది. పెళ్లి వంటల గాడిపొయ్యికి రెండున్నర మూడడుగుల పొడవు, నాలుగైదంగుళాల లావు కావాలి. సన్నగా కొట్టిస్తే భగ్గున మండి అయిపోతాయి, వంటవాళ్లు పొయ్యి వదిలి కదలలేరు.

బాయిలరు కట్టెలు మాత్రం మొత్తం కుప్పలోంచి కొట్టించుకోవద్దు. అంత సన్నగా చీల్చడానికి పని రెట్టింపు పైనే అవుతుంది. ఇంటి సైజులో కొట్టించి, కావలసినప్పుడు కొన్నిటిని చిన్న కత్తితో చీల్చుకోవడం చవక.

సైజు తేలాక రెండు వస్తువులు తయారు చేయండి. ఒకటి, సరిగ్గా ఆ పొడవుకు కోసిన కొలకర్ర. రంపం పట్టేవాడు దుంగ మీద దాన్ని పెట్టి సుద్దతో గీతలు గీసుకుంటాడు. రెండోది, మీకు కావలసిన మందంలో ఒక నమూనా పేడు. బేరం ఆడేటప్పుడు ఆ పేడు చేతిలో పెట్టి చూపించండి. "ఇంతకంటే లావు ఉంటే లెక్కలోకి రాదు" అన్న మాట అప్పుడే అనండి.

ఎంత ఉందో లెక్క వేసుకోండి

దుంగ మధ్యలో టేపు చుట్టి చుట్టుకొలత అడుగుల్లో తీసుకోండి. దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 12.5తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. నాలుగడుగుల చుట్టుకొలత, ఎనిమిదడుగుల పొడవున్న దుంగకు 4ను 4తో, వచ్చిన 16ను 8తో గుణిస్తే 128. దాన్ని 12.5తో భాగిస్తే పది ఘనపుటడుగుల పైచిలుకు. పచ్చి కట్టె ఘనపుటడుగు సుమారు 25 నుంచి 30 కిలోలు తూగుతుంది. మెత్తటి మామిడి కింది అంకెకు, తుమ్మ, సరుగుడు పై అంకెకు దగ్గరగా ఉంటాయి. అంటే ఆ ఒక్క దుంగే రెండున్నర నుంచి మూడు క్వింటాళ్లు.

కలప వ్యాపారులు చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకుని, దాన్ని దానితో గుణించి, పొడవుతో గుణిస్తారు. ఆ లెక్కలో అదే దుంగ ఎనిమిది ఘనపుటడుగులే అవుతుంది. అసలు పరిమాణంలో అయిదో వంతుకు పైగా తగ్గిపోతుంది. కట్టెల పనికి ఆ లెక్క వాడకండి.

కుప్ప మొత్తం కలిపి టన్ను లోపే ఉంటే రంపం మిషను పిలవడం గిట్టుబాటు కాకపోవచ్చు. రాకపోకల ఖర్చుకు, కనీస గంటల కిరాయికే డబ్బు పోతుంది. అలాంటప్పుడు ట్రాక్టరు ఖర్చు చూసుకుని కట్టెల అడితికి తోలి గుండ్రటి రంపం మీద కోయించుకోవడం, లేదా దుంగలిచ్చి ఆరిన కట్టెలు మారకం తెచ్చుకోవడం మేలు.

మనుషుల్ని ఎక్కడ వెతకాలి, ఎప్పుడు పిలవాలి

ఈ పనికి రెండు రకాల మనుషులు కావాలి. దుంగను అడ్డంగా ముక్కలు కోసేది చైన్ రంపం వాడు. ఆ ముక్కల్ని నిలువునా చీల్చేది గొడ్డలి మనుషులు. ఇద్దరూ ఒకే ముఠాలో దొరికితే మంచిదే. దొరక్కపోతే విడివిడిగా మాట్లాడుకోండి గానీ రంపంతోనే నిలువునా చీల్చమని అడగొద్దు. పీచు వెంట కోస్తే పొడవాటి పోగులు వచ్చి చైన్ చుట్టూ చిక్కుకుంటాయి, పెట్రోలు కాలిపోతుంది, పని ముందుకు కదలదు.

కట్టెల అడితి, సామిల్లు, ఇటుక బట్టీ, చైన్లు అమ్మే ఇనుప సామాన్ల కొట్టు: ఈ నాలుగు చోట్ల అడిగితే ఊళ్లో ఎవరి రంపం బాగా కోస్తుందో తెలుస్తుంది. ప్రకాశం, నెల్లూరు, అనంతపురం వైపు సర్కారు తుమ్మ కొట్టి బొగ్గు కాల్చే ముఠాలున్నాయి. గొడ్డలి పనిలో వాళ్ల చెయ్యి వేరు.

సంక్రాంతి దాటాక, శివరాత్రి లోపు పెట్టుకుంటే అన్ని విధాలా బాగుంటుంది. వరి కోతలు అయిపోయి మనుషులు దొరుకుతారు, ఎండ ఇంకా ముదరదు, కొట్టిన కట్టెకు వేసవి మొత్తం ఆరడానికి మిగులుతుంది. మిరప పండే ప్రాంతాల్లో ఆ నెలల్లోనే కోతలకు కూలీలు పోతారు కాబట్టి ముందే చెప్పి ఉంచుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పూట ఉపాధి హామీ పనులుంటాయి.

తుఫాను తర్వాత తొందరపడకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను తాకినట్టు గాలి ఒక్కసారిగా చెట్లను పడగొట్టినప్పుడు రంపం ఉన్న ప్రతివాడికీ చేతినిండా పని ఉంటుంది, అడిగిందే రేటు. రోడ్డుకు, ఇంటికి అడ్డం లేని దుంగలు కొన్ని వారాలు ఆగినా చెడిపోవు. నేలకు ఆనకుండా రాళ్ల మీదికి దొర్లించి ఉంచండి. కరెంటు తీగ మీద పడిన చెట్టును మాత్రం లైన్‌మన్ వచ్చి సరఫరా ఆపేదాకా ఎవరినీ ముట్టనివ్వకండి.

ఫోనులో మాట్లాడేటప్పుడు ఇంత స్పష్టంగా చెప్పండి: "అన్నా, తుమ్మ, వేప కలిపి మూడు టన్నులుంటుంది. లావు దుంగ చుట్టుకొలత ఆరడుగులు. అడుగుంబావు పొడవుకు కోయాలి. ట్రాక్టరు కుప్ప దాకా వస్తుంది. నీ రంపం బారు ఎన్ని అంగుళాలు? చైన్లు ఎన్ని తెస్తావు?" చుట్టుకొలతను మూడుతో భాగిస్తే దుంగ అడ్డం దాదాపు తెలుస్తుంది. ఆరడుగుల చుట్టుకొలతంటే రెండడుగుల లావు. బారు అంటే చైన్ తిరిగే ఇనుప పట్టీ. 18 అంగుళాల బారుతో ఆ దుంగను రెండు వైపుల నుంచీ కోయాలి, 24 అంగుళాలు దాటిన బారుతో ఒకే వైపు నుంచి తెగుతుంది. ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పేవాడికి పని తెలిసినట్టే.

కూలి ఎలా కట్టాలి

రంపానికి గంట లెక్క, గొడ్డలికి క్వింటా లెక్క. అన్ని పద్ధతుల్లోనూ ఇదే తగాదా తక్కువది. రంపం పని ఎంత సేపు పట్టిందో గడియారం చూపిస్తుంది, గొడ్డలి పని ఎంత అయిందో కాటా చూపిస్తుంది. గొడ్డలి మనుషులకు రోజుకూలి కడితే మధ్యాహ్నం నుంచి పని నెమ్మదిస్తుంది, ముడుల మొద్దులన్నీ చివరికి మిగులుతాయి. కుప్ప మొత్తానికి కలిపి గుత్త ఇస్తే తొందరలో పేళ్లు లావవుతాయి.

క్వింటా ధర ఎంత పెట్టాలో తెలియకపోతే మొదటి పూట రోజుకూలికే పెట్టండి. తూకం వేయండి. లెక్క కోసం చెప్పాలంటే, ఇద్దరు మనుషులకు పూట కూలి 1,000 రూపాయలు ఇచ్చారు, వాళ్లు ఆరు క్వింటాళ్లు కొట్టారు. క్వింటాకు 167 పడింది. క్వింటా లెక్కకు 180 అడిగితే ఒప్పుకోవచ్చు, ఎందుకంటే వాళ్లు ఇంకాస్త వేగంగా కొట్టి ఎక్కువ సంపాదించుకుంటారు, మీ పని త్వరగా తెములుతుంది. 250 అడిగితే ఎక్కడ ఆగాలో మీకు తెలుస్తుంది. ఆ పూటలో వాళ్లు తేలిక దుంగలే ఏరుకోకుండా తుమ్మ, వేప, ముడులవి కలిపి ఇవ్వండి. లేకపోతే లెక్క వాళ్లకు నష్టంగా తేలుతుంది, రెండో రోజు రారు.

తూకం ఎప్పుడు వేస్తారో కూడా ముందే మాట్లాడుకోవాలి. పచ్చి కట్టె బరువులో మూడో వంతు నుంచి సగం దాకా నీరే. కొట్టిన రోజు తూచిన పది క్వింటాళ్లు వేసవి అయ్యేసరికి ఆరేడు క్వింటాళ్లే ఉంటాయి. ఏ రోజు కొట్టింది ఆ రోజు సాయంత్రమే తూచి, పుస్తకంలో రాసి, ఇద్దరూ చూసుకోండి. ధాన్యం తూచే కాటా అద్దెకు తెచ్చుకుంటే సరిపోతుంది.

కాటా దొరక్కపోతే పేర్చి కొలవండి. అయిదడుగుల దూరంలో రెండు గుంజలు పాతి, నాలుగడుగుల ఎత్తు దాకా వరుసగా పేర్పించి, ఒక్కో వరుసకు ఇంత అని మాట్లాడుకోండి. విసిరి పోసిన కుప్పను కొలిచి డబ్బు ఇవ్వొద్దు. అదే కట్టె పేర్చినదానికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు చోటు తీసుకుంటుంది.

ఇంకా తేల్చుకోవాల్సినవి: పెట్రోలు, అందులో కలిపే టూటీ ఆయిలు, చైన్ ఆయిలు ఎవరివి. గంట లెక్క మిషను నడిచిన సేపటికా, వచ్చిన దగ్గర్నుంచా. చైనుకు పదును పెట్టే సమయం లెక్కలోకి వస్తుందా. పేర్చడం కూలిలో భాగమా. మధ్యాహ్నం భోజనం, టీ మీవా. పొట్టు, బెరడు, చిదుగులు ఎవరికి. సాయంత్రం ఇంటికి ఒక మోపు పట్టుకెళ్లడం చాలాచోట్ల అలవాటు. దానికి పేచీ పెట్టకండి, ఎంత మోపో మాత్రం అనుకోండి. అడ్వాన్సు రంపం తెచ్చే ఖర్చుకు సరిపడా ఇచ్చి, మిగతాది ఏ రోజుకారోజు తీర్చేయండి.

కోత రోజు

కోసే చోటు గట్టి మట్టి నేలై ఉండాలి. సిమెంటు గచ్చు మీద గొడ్డలి జారినా, రంపం తగిలినా పదును పోతుంది. దుంగలకు అంటిన బురదను ముందు రోజే గీకించండి. ఇసుక పట్టిన బెరడు కోస్తే చైన్ కొద్దిసేపట్లోనే మొద్దుబారిపోతుంది. కింద రెండు అడ్డకర్రలు వేసి దుంగను వాటి మీదికి దొర్లిస్తే చైన్ నేలకు తగలదు.

పదును ఎలా ఉందో పొట్టు చూసి చెప్పొచ్చు. పదునైన చైన్ గింజల్లాంటి తునకలు విసురుతుంది. పిండిలా సన్న పొట్టు రాలుతుంటే, రంపాన్ని కిందికి నొక్కి కోస్తుంటే, మిషను ఆపించి గుండ్రటి ఆకురాయితో పదును పెట్టించండి. పెట్రోలు నింపిన ప్రతిసారీ రెండు మూడు గీతలు గీసుకునేవాడు మంచి పనివాడు. పెట్రోలులో నూనె పాళ్లు కంపెనీ చెప్పినట్టే కలపాలి. 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40. మీరే పెట్రోలు తెచ్చిస్తుంటే ముందుగా అడిగి కలపండి. నూనె లేని పెట్రోలు పోస్తే ఇంజను పట్టేస్తుంది.

దుంగ రెండు చివర్లా ఆని, మధ్య గాల్లో ఉంటే పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కింది నుంచి కోయాలి. పైనుంచే మొత్తం కోయబోతే బరువుకు కోత మూసుకుని బారును పట్టేస్తుంది. ఒక చివర మాత్రమే ఆని రెండో చివర వేలాడుతుంటే ఇది తిరగబడుతుంది: ముందు కింది నుంచి మూడో వంతు, తర్వాత పైనుంచి. బారు ముక్కు పై అంచు ఇంకో దుంగకు తగిలితే రంపం ఎగిరి మొహం మీదికి వస్తుంది. కుప్ప మధ్యలో కోయనివ్వకుండా ఒక్కో దుంగను విడిగా లాగించి కోయించాలనేది అందుకే. కాళ్లకు బూట్లు, కళ్లకు అద్దాలు, చెవులకు దూది. లుంగీ, భుజాన తువ్వాలు రంపం దగ్గర వద్దు. పిల్లలు, కోళ్లు, మేకలు పదిహేను అడుగుల అవతల ఉండాలి.

చీల్చడం

తుమ్మ, సరుగుడు పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలి. ఆరితే రాయిలా గట్టిపడి గొడ్డలి ఎగిరి వెనక్కి వస్తుంది. రంపం ముక్కలు కోసిన వారంలోపే గొడ్డలి మనుషులు వచ్చేలా చూసుకోండి.

మోకాలికి కాస్త కిందికి వచ్చే ఎత్తులో ఒక వెడల్పాటి మొద్దు పెట్టి, దాని మీద ముక్కను నిలబెట్టి కొట్టాలి. ఎక్కువ వంగక్కర్లేదు, గొడ్డలి జారినా కాలికి కాకుండా మొద్దుకే తగులుతుంది. ముక్క కొసన నడిమి నుంచి అంచుకు పోయే పగుళ్లు కనిపిస్తాయి. దెబ్బ ఆ పగులు వెంటే పడాలి. అడ్డం అడుగు దాటిన ముక్కను నడిమికి చీల్చాలని చూస్తే చేతులు నొప్పెడతాయే గానీ చీలదు. అంచుల నుంచి పలకలుగా తీసుకుంటూ లోపలికి రావాలి. కొమ్మ ముడి ఉన్న ముక్కను ముడి కింది వైపు వచ్చేలా పెట్టి పై నుంచి చీలిస్తే పగులు ముడి దాకా తేలిగ్గా దిగుతుంది.

గండ్రగొడ్డలితో పాటు రెండు ఇనుప చీలలు, ఒక సమ్మెట ఉండాలి. ఒక చీల ఇరుక్కుంటే రెండోదాన్ని పగుల్లో దింపి మొదటిదాన్ని విడిపించాలి. తల పువ్వులా విచ్చుకున్న చీలను వాడనివ్వకండి. సమ్మెట దెబ్బకు దాని అంచు పెచ్చులు లేచి కంట్లో పడతాయి. ఆ అంచును గ్రైండింగు పట్టిస్తే మళ్లీ పనికొస్తుంది. పని మొదలెట్టే ముందు ప్రతి గొడ్డలి కామ ఊపి చూడాలి. కాస్త కదిలినా చీల కొట్టి బిగించాలి. ఇద్దరు కొడుతుంటే మధ్య కనీసం పదడుగుల ఎడం, ఎవరి ఎదురుగానూ ఎవరూ నిలబడకూడదు. నీళ్లు, శుభ్రమైన గుడ్డ దగ్గర పెట్టుకోండి. లోతు గాయమైతే గుడ్డతో గట్టిగా అదిమిపట్టి 108కి ఫోను చేయండి. చిన్న గాయానికైనా ధనుర్వాతం ఇంజెక్షను వేయించండి.

ఎన్ని దెబ్బలకూ చీలని ముడుల మొద్దులు పదింటికి ఒకటన్నా మిగులుతాయి. వాటికోసం పూట వృథా చేయించొద్దు. తూకంలోంచి తీసేసి పక్కన పెట్టండి. రాత్రంతా నిప్పు నిలవాల్సిన గాడిపొయ్యికి, భోగి మంటకు వాటిని మించినవి లేవు.

సాయంత్రం తూకానికి ముందు నమూనా పేడు పట్టుకుని కుప్పలో ఏవైనా ఇరవై పేళ్లు తీసి చూడండి. రెండో మూడో లావుగా ఉంటే వదిలేయండి. అయిదారు ఉంటే అక్కడికక్కడే మళ్లీ చీల్పించండి. మరునాటికి వాయిదా వేస్తే ఆ పని జరగదు.

పేర్చి ఆరబెట్టడం

వరుస కింద ఇటుకలో రాళ్లో పేర్చి నాలుగైదంగుళాల ఎత్తు తీయండి. నేలకు ఆనితే వానాకాలం లోపే చెదలు ఎక్కుతాయి. గోడకు జానెడు ఎడం వదలాలి. గాలి వీచే దిక్కుకు వరుస పక్క తిరిగి ఉండాలి. పైన మాత్రమే రేకో తాటాకో కప్పండి. నాలుగు వైపులా పట్టా చుట్టేస్తే లోపల తేమ బిగిసి బూజు పడుతుంది. మామిడికి పురుగు, బూజు త్వరగా పడతాయి కాబట్టి దాన్ని ఎండ బాగా తగిలే చోట పేర్చి, ముందు దాన్నే వాడేయండి.

రెండంగుళాల పేళ్లకు వేసవిలో రెండు మూడు నెలలు చాలు, గాడిపొయ్యి కట్టెలకు ఇంకా ఎక్కువ పడుతుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి వరుసలో మూడు పేళ్లకు సుద్దతో గుర్తు పెట్టి ప్రతి వారం తూచండి. రెండు వారాలు వరసగా బరువు తగ్గకపోతే ఆరినట్టే. రెండు పేళ్లు ఒకదానికొకటి కొట్టి చూస్తే ఆరినవి ఠంగుమంటాయి, పచ్చివి మొద్దుగా చప్పుడు చేస్తాయి. జూన్ వానలు మొదలయ్యే ముందు ఆరిన వరుసను వంటింటి వసారాలోకి మార్చేయండి. ఆరనిది బయటే రేకు కింద ఉండనివ్వండి. రెండూ కలిపితే పచ్చి కట్టె తేమ ఆరినదానికి ఎక్కుతుంది.